మంచు మీద దొరికిన చిన్న రాతి ఉల్క: వర్ణించడం, వర్గీకరించడం ఎలా?

పేరు పెట్టేయాలన్న తొందరలోనే ఈ పనిలో ఎక్కువ తప్పులు దొర్లుతాయి. 1984 డిసెంబర్ 27న అంటార్కిటికాలోని అలన్ హిల్స్ దగ్గర మంచు మీద 1.93 కిలోల రాయి దొరికింది. దాన్ని మొదట డయోజెనైట్ అన్నారు, అంటే వెస్టా గ్రహశకలం తాలూకు రాళ్ళ కోవలో వేశారు. అది అంగారకుడి నుంచి ఊడిపడిన రాయి అన్న సంగతి 1994లో గానీ అచ్చులోకి రాలేదు. తొమ్మిదేళ్ళకు పైగా తప్పు చీటీతోనే బీరువాలో ఉన్న ఆ రాయే తర్వాత ఏఎల్‌హెచ్ 84001 పేరుతో లోకమంతా చర్చకు వచ్చింది. రాయిని శుభ్రంగా దాచారు, సూక్ష్మదర్శిని కోసం తీసిన దాని పలచటి కోతలు చేతికి అందేలా ఉంచారు కాబట్టే తప్పు దిద్దుకోగలిగారు.

అందుకే కింద చెప్పే వరస మార్చకండి. ముందు కంటికి కనిపించింది రాయండి, తర్వాత కొలిచింది రాయండి, పేరు ఆఖరున పెట్టండి. వీలుగా ఉండడానికి 14.23 గ్రాముల రాయి ఒకటి మీ ముందు ఉందనుకుందాం. అలాంటి చిన్న రాళ్ళే ఎక్కువగా దొరుకుతాయి. వాటిలో పదింట తొమ్మిదికి అటూ ఇటూగా సాధారణ కాండ్రైట్లే తేలతాయి, అంటే కాండ్రూల్స్ అనే చిన్న గుండ్రటి రేణువులున్న రాతి ఉల్కలు. ఆ పదోదాన్ని జారవిడవకుండా ఉండాలంటే మిగతా తొమ్మిదింటినీ అంతే ఓపికగా చూడక తప్పదు.

మంచు మీద ఉండగానే చేయాల్సినవి

మంచు పలక నెమ్మదిగా జారుతూ కొండల అడ్డు తగిలి ఆగినచోట గాలి, ఎండ కలిసి పైమంచును ఆవిరి చేస్తాయి. లోపల మోసుకొచ్చిన రాళ్ళు పైకి తేలతాయి. నీలి మంచు మైదానాల్లో ఉల్కలు గుంపుగా కనిపించడానికి ఇదే కారణం. 1969లో జపాన్ బృందానికి యమాటో పర్వతాల దగ్గర తొమ్మిది రాళ్ళు దొరికాయి. అవి వేర్వేరు రకాలని తేలడంతో, ఒకే ఉల్క పగిలి పడిన ముక్కలు కావని, మంచే వాటిని ఒకచోటికి చేర్చిందని అర్థమైంది. మీ రాయి పక్కనే ఇంకో నల్ల రాయి కనిపిస్తే రెండూ ఒకటేనని అనుకోకూడదనడానికి కూడా ఇదే ఆధారం.

రాయిని చేత్తో తాకకండి. ఉన్నది ఉన్నట్టుగా, పక్కన సంఖ్య పలక, కొలబద్ద పెట్టి ఫోటో తీయండి. జీపీఎస్ స్థానం రాసుకోండి. మంచులో ఎంత లోతు దిగబడి ఉందో, ఏ ముఖం పైకి ఉందో కూడా రాయండి. ఎండ తగిలే పై ముఖానికీ మంచులో కూరుకున్న కింది ముఖానికీ తుప్పులో తేడా ఉండవచ్చు. ఆ తేడా ఎందుకొచ్చిందో తర్వాత చెప్పగలిగేది ఈ ఒక్క నోటే. శుభ్రమైన పటకారుతో ఎత్తి, క్రిమిరహిత టెఫ్లాన్ సంచిలో వేసి, లోపల సంఖ్య బిళ్ళ పెట్టి, మూతి రెండు మూడు మడతలు వేసి టేపు అంటించండి. ముక్కు కారుతున్న చలిలో రాయి మీదికి వంగడం, స్నోమొబైల్‌కు గాలి వాలున నిలబడి ఎత్తడం, ఇంధనం అంటిన చేతితొడుగుతో సంచి విప్పడం మామూలుగా జరిగే పొరపాట్లు. అవి జరిగితే దాచకుండా రాయండి. ఆ రాయిలో ఎవరైనా సేంద్రియ పదార్థాలు వెతికినప్పుడు మీ ఒక్క వాక్యం వాళ్ళకు నెలల శ్రమ తప్పిస్తుంది.

అయస్కాంతం మాత్రం దగ్గరికి తేవద్దు. ఉల్కో కాదో తేల్చుకోవడానికి బలమైన అయస్కాంతం ఆనించి చూసే అలవాటు చాలామందికి ఉంది. రాయి పుట్టినప్పటి నుంచీ దాచుకున్న అయస్కాంత గుర్తు ఆ ఒక్క తాకిడికే చెరిగిపోతుంది. అది మళ్ళీ రాదు.

ఇది అనుమతి ఉన్న యాత్రల్లోనే చేయాల్సిన పని. ఉల్కలను శాస్త్ర పరిశోధన కోసమే భద్రపరచాలని అంటార్కిటిక్ ఒప్పంద దేశాలు 2001లో తీర్మానం చేశాయి. జ్ఞాపకంగా జేబులో వేసుకోవడం కుదరదు.

గడ్డకట్టిన రాయిని ఆరబెట్టడం

ప్రయోగశాలకు చేరేదాకా రాయి గడ్డకట్టే ఉండాలి. మామూలు గదిలో సంచి విప్పితే చల్లటి రాయి మీద గాలిలోని తేమ వెంటనే చెమటలా పడుతుంది. సన్నని పగుళ్ళు ఆ నీటిని లోపలికి పీల్చుకుంటాయి, లోహం రేణువులు తుప్పు పట్టడం మొదలవుతుంది. లక్షల ఏళ్ళు మంచులో నిలిచిన రాయి ఒక్క మధ్యాహ్నంలో పాడైపోవడం ఇలాగే.

పొడి నైట్రోజన్ పారే క్యాబినెట్‌లో, సంచి మూతి కొద్దిగా తెరిచి, రాయిని నెమ్మదిగా గది వేడికి రానివ్వండి. అంటుకున్న మంచును గీకకండి, ఆ పొడి గాలిలో అదే పోతుంది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి తూచడమే నమ్మకమైన దారి. కొన్ని గంటల తేడాతో రెండుసార్లు తూచి, 0.01 గ్రాము దాకా ఒకే బరువు వస్తే ఆరినట్టు. రెండోసారి బరువు తగ్గిందంటే లోపల ఇంకా తడి ఉందని అర్థం. ఆ బరువును అధికారిక బరువుగా రాయకండి.

పై ముఖాలు చదవడం

తూచాక మూడు కొలతలు తీసుకోండి: అన్నిటికన్నా పొడవైనది, దానికి లంబంగా వెడల్పు, ఆ రెంటికీ లంబంగా మందం. కాలిపర్స్ దవడలు ప్లాస్టిక్‌వి అయితే రాయి మీద గీతలు పడవు. మన రాయి కొలతలు 2.6 × 2.1 × 1.7 సెం.మీ. అనుకుందాం. అక్షరాలు చెక్కిన ఒక సెంటీమీటరు ఘనం పక్కన పెట్టి ఆరు వైపులా ఫోటోలు తీయండి. ఏ ముఖానికి ఏ అక్షరమో అప్పుడే ఖాయం చేసుకోండి. ముక్కలు కొట్టాక ఏ ముక్క ఎక్కడిదో చెప్పేది ఆ అక్షరాలే.

ఇప్పుడు పదింతల భూతద్దంతో కూర్చోండి. ముందుగా నల్ల పెచ్చు చూడండి. గాలిలోంచి దూసుకొస్తూ కరిగి గడ్డకట్టిన పొర అది. మందం సాధారణంగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. విరిగిన అంచు దగ్గర చూస్తే తేటగా తెలుస్తుంది: పైన నల్లటి సన్నని గీత, దాని కింద లేత బూడిద రంగు రాయి, మధ్యలో కలిసిపోవడమంటూ ఉండదు. గాలికి నల్లబడిన భూమి రాయిలో రంగు లోపలికి క్రమంగా పలచబడుతూ పోతుంది. అంటార్కిటికాలో డాలరైట్, బసాల్ట్ ముక్కలు చాలాసార్లు కన్నును మోసం చేస్తాయి. ఆ అంచు ఒక్కటీ సరిగ్గా చూస్తే చాలావరకు తేలిపోతుంది.

పెచ్చు ఎంత శాతం మిగిలి ఉందో రాయండి. నున్నగా ఉందా, గరుకుగా ఉందా, మెరుస్తోందా, మొద్దుబారి ఉందా అన్నది కూడా రాయండి. మామూలు కాండ్రైట్ల పెచ్చు మెరుపు లేకుండా నల్లగా ఉంటుంది. వెస్టా తాలూకువే అయిన యూక్రైట్‌లలో కాల్షియం ఎక్కువ కావడంతో పెచ్చు గాజులా నిగనిగలాడుతుంది. పెచ్చు ఎండిన చెరువు అడుగులా నెర్రెలు బారి ఉంటే, రాయి లోపల కూడా నల్లగా ఉంటే, కర్బన కాండ్రైట్ కావచ్చు. అలాంటప్పుడు అక్కడే ఆగి, సేంద్రియ పరీక్షలు చేసేవాళ్ళకు చెప్పకుండా ఎపాక్సీ జిగురు, ఆల్కహాల్, టేపు ఏవీ దాని దగ్గరికి రానివ్వకండి.

తుప్పును కంటితో మూడు తరగతులుగా రాస్తారు. ‘ఎ’ అంటే తుప్పు మరకలు కొద్దిగా, ‘బి’ అంటే లోహం చుట్టూ పెద్ద మరకలు, లోపలి పగుళ్ళలోనూ తుప్పు, ‘సి’ అంటే రాయంతా గోధుమ రంగు కమ్ముకోవడం. పగుళ్ళకు కూడా ఇలాగే ఎ, బి, సి ఉన్నాయి. పైన తెల్లటి పొడి కనిపిస్తే తుప్పు తరగతి పక్కన ‘ఇ’ చేర్చండి. అది మంచు మీద ఉండగా రాయిలోంచి ఊరి బయటికొచ్చిన లవణం, ఎక్కువగా నీరు కలిసిన మెగ్నీషియం కార్బొనేట్లు, సల్ఫేట్లు. దుమ్ము అనుకుని బ్రష్‌తో దులిపేయకండి. రాయి భూమి మీద ఎలా మారిందో చెప్పే సాక్ష్యం అదే.

సాంద్రత కోసం రాయిని నీళ్ళలో ముంచే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఘనపరిమాణం కావాలంటే త్రీడీ స్కానింగ్ చేయించండి, లేదా వాయువుతో కొలిచే పిక్నోమీటర్ వాడండి.

కొట్టే ముందు ఒక కొలత

రాయికి సుత్తి తగలక ముందే అయస్కాంత గ్రాహ్యత, అంటే అయస్కాంత క్షేత్రానికి రాయి ఎంతగా స్పందిస్తుందో, కొలవండి. ఆ పరికరం వాడే క్షేత్రం చాలా బలహీనం కాబట్టి పాత అయస్కాంత గుర్తుకు హాని ఉండదు. మూడు దిశల్లో కొలిచి సగటు తీసుకుని, బరువుతో భాగించి, కిలోకు ఘనమీటరులో వచ్చిన విలువను పది లక్షలతోనో పది కోట్లతోనో కాకుండా సరిగ్గా వంద కోట్లతో హెచ్చవేసి లాగరిథమ్ తీయండి. సాధారణ కాండ్రైట్లు మూడు వర్గాలు: ఇనుము ఎక్కువ ఉన్నవి హెచ్, తక్కువ ఉన్నవి ఎల్, ఇనుమూ లోహమూ రెండూ తక్కువ ఉన్నవి ఎల్‌ఎల్. హెచ్ వర్గం రాళ్ళకు ఇది 5.3 దగ్గర, ఎల్ వర్గానికి 4.9 దగ్గర, ఎల్‌ఎల్ వర్గానికి 4.1 దగ్గర ఉంటుంది. ఐదు నిమిషాల్లో, రాయిలో ఒక్క రేణువు కూడా పోకుండా ఇంత తెలియడం చిన్న విషయం కాదు.

అయితే ఈ విలువలు తాజాగా పడిన ఉల్కలవి. తుప్పు లోహాన్ని తింటుంది, దాంతో సంఖ్య తగ్గుతుంది. బాగా తుప్పు పట్టిన హెచ్ రాయి ఎల్ లాగా కనిపిస్తుంది. కాబట్టి తుప్పు తరగతి ‘బి’ లేదా ‘సి’ అయితే ఈ కొలతను సూచనగా మాత్రమే రాసుకోండి. మన ఉదాహరణ రాయికి 4.78 వచ్చింది, తుప్పు ‘బి’ ఉంది. అది ఎల్ కావచ్చు, లోహం తిన్న హెచ్ కూడా కావచ్చు. ఇంకా ఏమీ తేలలేదు.

ముక్క తీయడం, లోపలి వర్ణన

శుభ్రమైన బల్ల మీద, స్టెయిన్‌లెస్ స్టీల్ ఉలితో, ఇప్పటికే ఉన్న పగులు వెంట చిన్న దెబ్బ వేయండి. ఇంత చిన్న రాయి నుంచి ఒకటి ఒకటిన్నర గ్రాములకు మించి తీయనక్కర్లేదు. తీసే ముక్కలో నల్ల పెచ్చు కొంత, లోపలి భాగం కొంత ఉండేలా చోటు ఎంచుకోండి. పెచ్చు పక్కన ఖనిజాలు వేడికి మారి ఉంటాయి కాబట్టి కొలతలన్నీ లోపలి భాగంలోనే తీయాలి. ఒకే ముక్కలో రెండూ ఉంటే ఆ హద్దు ఎక్కడో తెలుస్తుంది.

విరిగిన ముఖాన్ని వెంటనే వర్ణించండి. గాలి తగిలాక లోహం మెరుపు తగ్గుతుంది. నేల (రేణువుల మధ్య నిండిన సన్నని పదార్థం) రంగు ఏమిటి, గుండ్రటి కాండ్రూల్స్ చుట్టూ ఉన్న పదార్థం నుంచి విడిగా కనిపిస్తున్నాయా, లోహం చుక్కలు ఎంత దట్టంగా ఉన్నాయి, వేరే రంగు ముక్కలు అతికి ఉన్నాయా, నల్లటి సన్నని నాళాలు ఉన్నాయా అన్నవి చూడండి. ‘కాండ్రైట్‌లా ఉంది’ అని రాస్తే చదివేవాడికి ఏమీ అందదు. ‘లేత బూడిద నేల, అర మిల్లీమీటరు గుండ్రటి రేణువులు కొన్ని, వాటి అంచులు పాక్షికంగా చెరిగి ఉన్నాయి, లోహం చుక్కల చుట్టూ ఒక మిల్లీమీటరు వెడల్పున నారింజ మరక’ అని రాస్తే ఇరవై ఏళ్ళ తర్వాత కూడా పనికొస్తుంది.

థిన్ సెక్షన్

థిన్ సెక్షన్ అంటే కాంతి దాటేంత పలచగా అరగదీసిన కోత. ముక్కను పలచటి ఎపాక్సీలో, వాక్యూమ్ కింద నింపండి. వేడి చేసి గట్టిపరిచే జిగురు వద్దు. కోసేటప్పుడు, అరగదీసేటప్పుడు నీటికి బదులు ఆల్కహాల్ గానీ నూనె గానీ వాడండి. నీళ్ళతో కోస్తే కొత్త తుప్పు పుట్టి, అది మంచులో పట్టిందో మీ బల్ల మీద పట్టిందో ఎవరూ చెప్పలేని పరిస్థితి వస్తుంది. మందం 30 మైక్రాన్లు. ప్లేజియోక్లేజ్ (ఒక ఫెల్డ్‌స్పార్ ఖనిజం) బూడిద తెలుపు దాటి పసుపులోకి పోతే కోత ఇంకా మందంగా ఉన్నట్టే. ఆఖరి మెరుగు వజ్రపు పేస్టుతో ఒక మైక్రాన్ దాకా, వీలైతే పావు మైక్రాన్ దాకా పెట్టండి. గట్టిగా నొక్కి తోమితే మెత్తటి లోహం సాగి తుప్పు అంచును కప్పేస్తుంది, లేదంటే రేణువు మొత్తం ఊడి గుంట మిగులుతుంది. ఆ గుంటలను తర్వాత ఖాళీలుగా లెక్కపెట్టినవాళ్ళు ఉన్నారు.

సూక్ష్మదర్శినిలో మొదట పరావర్తన కాంతి, అంటే కోత మీద పడి తిరిగొచ్చే కాంతి, పెట్టండి. నికెల్ ఇనుము తెల్లగా మెరుస్తుంది, ట్రోయిలైట్ (ఇనుము సల్ఫైడ్) లేత కంచు రంగులో ఉంటుంది, తుప్పు మొద్దు బూడిద రంగులో వాటి అంచుల్ని కొరుకుతూ కనిపిస్తుంది. తుప్పుకు ఇక్కడ వాడేది వ్లోట్జ్‌కా కొలమానం. లోహం చెక్కుచెదరకుండా ఉంటే డబ్ల్యూ0, అంచుల్లో సన్నని పొర మాత్రమే ఉంటే డబ్ల్యూ1, లోహంలో 20 నుంచి 60 శాతం పోతే డబ్ల్యూ2, 60 నుంచి 95 శాతం పోతే డబ్ల్యూ3, దాదాపు అంతా పోతే డబ్ల్యూ4. డబ్ల్యూ5, డబ్ల్యూ6లలో సిలికేట్లు కూడా మారడం మొదలవుతుంది. చేతి ముక్కకు పెట్టిన ఎ, బి, సిలను ఈ కొలమానంలోకి మార్చకండి. రెండూ వేర్వేరు చూపులు, రెండూ వేర్వేరుగానే రాయాలి.

తర్వాత కింది నుంచి కోతలోంచి పారే కాంతి. పోలరైజర్లను (కాంతిని ఒకే దిశలో కంపించేలా వడగట్టే పలకలు) ఒకదానికొకటి అడ్డంగా పెట్టి సూక్ష్మదర్శిని బల్లను నెమ్మదిగా తిప్పితే రాయి రంగుల్లోకి విచ్చుకుంటుంది. ఒకచోట ఆలివిన్ అనే ఖనిజం పట్టీలు కిటికీ చువ్వల్లా వరసగా నిలబడి, అన్నీ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరతాయి, ఎందుకంటే అవన్నీ ఒకే స్ఫటికం. ఇంకోచోట పైరాక్సీన్ అనే మరో ఖనిజం విసనకర్రలా ఒక మూల నుంచి విచ్చుకుని ఉంటుంది. ఇవే కాండ్రూల్స్. సౌరకుటుంబం మొదలైన కొద్ది కాలానికే కరిగి గడ్డకట్టిన బొట్లు. కనీసం యాభై కాండ్రూల్స్ వ్యాసాలు కొలవండి. హెచ్ వర్గంలో సగటు 0.3 మి.మీ. దగ్గర, ఎల్‌లో 0.5 దగ్గర, ఎల్‌ఎల్‌లో 0.6 దగ్గర ఉంటుంది. అయితే కోత అన్ని బంతుల మధ్యలోంచీ పోదు. చాలావాటిని పక్కగా కోస్తుంది కాబట్టి మీ సగటు అసలుకన్నా కొంచెం తక్కువే వస్తుంది. ఈ తేడాలు చిన్నవి. ఒక్క దీని మీద వర్గం నిర్ణయించకండి.

పెట్రోలాజిక్ రకం, అంటే రాయి పుట్టాక వేడికి ఎంత మారిందో చెప్పే సంఖ్య, ఇక్కడే తేలడం మొదలవుతుంది. 3వ రకంలో కాండ్రూల్స్ అంచులు కత్తితో కోసినట్టుంటాయి, లోపల గాజు తేటగా మిగిలి ఉంటుంది. 4వ రకంలో గాజు మసకబారి ఉంటుంది, గీతలున్న పైరాక్సీన్ ఇంకా చాలా ఉంటుంది. 5లో కాండ్రూల్స్ గుర్తుపట్టగలిగినా అంచులు చుట్టూ ఉన్న రేణువుల్లో కరిగిపోతుంటాయి, ప్లేజియోక్లేజ్ రేణువులు ఇంకా 50 మైక్రాన్లకు లోపే ఉంటాయి. 6లో ప్లేజియోక్లేజ్ 50 మైక్రాన్లు దాటి పెరుగుతుంది, కాండ్రూల్స్ కోసం వెతుక్కోవాలి. 6వ రకాన్ని చూసి ‘కాండ్రూల్స్ లేవు, ఎకాండ్రైట్’ అనేయడం కొత్తవాళ్ళు తరచూ చేసే తప్పు. లోహం, ట్రోయిలైట్ చెప్పుకోదగ్గంత ఉన్నాయా లేదా అన్నది చూసి మళ్ళీ ఆలోచించండి.

ఢీకొన్న దెబ్బ ఎంతో చెప్పేది ఆలివిన్. 50 మైక్రాన్లకన్నా పెద్ద రేణువులు కనీసం ఇరవై ఎంచుకుని ఒక్కొక్కదాన్నీ తిప్పి చూడండి. ఒక్కసారిగా చీకటైతే ఎస్1. చీకటి అలలా పాకితే ఎస్2. సమాంతర పగుళ్ళు కూడా ఉంటే ఎస్3. రేణువు మచ్చలు మచ్చలుగా ఆరితే ఎస్4, అది తీవ్రమై ప్లేజియోక్లేజ్ గాజుగా మారి ఉంటే ఎస్5. ఎస్6లో కరిగిన చోట్ల పక్కన రింగ్‌వుడైట్ లాంటి అధికపీడన ఖనిజాలు కనిపిస్తాయి. చూసినవాటిలో నాలుగోవంతు లేదా అంతకన్నా ఎక్కువ రేణువుల్లో కనిపించిన అత్యధిక దశను రాయాలి. కంటికి బాగా ఆనిన ఒకే ఒక్క రేణువును పట్టుకుని ఎస్5 అనకండి.

మైక్రోప్రోబ్, దాని లెక్క

మైక్రోప్రోబ్ అంటే ఎలక్ట్రాన్ పుంజంతో ఒక్కో రేణువులో ఏ మూలకం ఎంత ఉందో కొలిచే పరికరం. కోతకు కార్బన్ పూత వేసి, 15 కిలోవోల్టుల దగ్గర, ఒక మైక్రాన్ పుంజంతో కొలవండి. తెలిసిన ఆలివిన్ ప్రమాణాన్ని పని మొదట్లోనూ చివర్లోనూ కొలిచి చూసుకోండి. ఆలివిన్, తక్కువ కాల్షియం పైరాక్సీన్ రేణువులను కోత అంతటా చెదురుగా ఎంచుకోవాలి. ఒకే కాండ్రూల్‌లో పది కొలతలు తీస్తే పది కొలతలు కావు, ఒకటే. 4 నుంచి 6 రకాలకు ఒక్కో ఖనిజానికి పదిహేను ఇరవై చాలు. 3వ రకానికి యాభై అయినా కావాలి, ఎందుకంటే అక్కడ ప్రతి రేణువూ తన దారి తనదే. ఆక్సైడ్ల మొత్తం 98.5 నుంచి 101.5 శాతం మధ్య రాని కొలతను పక్కన పెట్టండి. నాలుగు ఆక్సిజన్లకు ఆలివిన్‌లో కాటయాన్లు మూడు, ఆరింటికి పైరాక్సీన్‌లో నాలుగు రావాలి. రాకపోతే పుంజం పక్క రేణువును గానీ పగులును గానీ తాకి ఉంటుంది.

ఇక లెక్క. ఆలివిన్‌లో ఐరన్ ఆక్సైడ్ 22.3 శాతం, మెగ్నీషియం ఆక్సైడ్ 39.0 శాతం వచ్చాయనుకోండి. వాటిని అణుభారాలతో భాగించాలి: 22.3ను 71.84తో భాగిస్తే 0.310, 39.0ను 40.30తో భాగిస్తే 0.968. మొత్తంలో ఇనుము వాటా 24.3 శాతం. అదే ఫాయలైట్ (ఆలివిన్ ఇనుము రూపం) శాతం. భాగించడం మరిచి బరువు శాతాలనే నేరుగా వాడితే 36.4 వస్తుంది. ఆ సంఖ్య సాధారణ కాండ్రైట్ల హద్దు దాటి, అరుదైన రుమురుటి వర్గం అంచుకు చేరుతుంది. అరుదైన రాయి దొరికిందని సంబరపడే ముందు ఈ ఒక్క భాగహారం మళ్ళీ చేసి చూడండి.

ఫాయలైట్ 16 నుంచి 20 అయితే హెచ్, 22 నుంచి 26 అయితే ఎల్, 27 నుంచి 32 అయితే ఎల్‌ఎల్. పైరాక్సీన్‌లో ఇనుము వాటా అయిన ఫెర్రోసిలైట్ శాతం దీనికి తోడుగా నడవాలి: హెచ్‌కు 14 నుంచి 18, ఎల్‌కు 19 నుంచి 22, ఎల్‌ఎల్‌కు 22 నుంచి 26. రెండూ వేర్వేరు వర్గాలు చెబితే మీ ప్రమాణాల కొలత తప్పి ఉండాలి, లేదా రాయి రెండు వర్గాల ముక్కల కలయిక అయి ఉండాలి. ఫాయలైట్ సరిగ్గా హద్దు మీద పడితే నికెల్ తక్కువగా ఉన్న ఇనుప లోహం కెమాసైట్ చూడండి. కెమాసైట్‌లో కోబాల్ట్ హెచ్‌లో అర శాతం దగ్గర, ఎల్‌లో 0.7 నుంచి ఒక శాతం లోపు, ఎల్‌ఎల్‌లో 1.4 దాటి ఉంటుంది.

మన రాయికి ఫాయలైట్ 24.3, ఫెర్రోసిలైట్ 20.4. ఎల్ అన్నది ఇప్పుడు నిలబడింది. అయస్కాంత కొలతలో మిగిలిన అనుమానం తీరింది: ఇనుము తగ్గింది తుప్పు వల్ల కొంత, వర్గం వల్ల ఎక్కువ. పైరాక్సీన్‌లో వొలాస్టొనైట్ (కాల్షియం) వాటా రకాన్ని కూడా సరిచూస్తుంది: సగటు 1.0కి లోపైతే 4వ రకం, 1.0 నుంచి 1.5 అయితే 5, అంతకు మించితే 6. మనకు 1.3 వచ్చింది. కోతలో చూసిన సగం చెరిగిన కాండ్రూల్స్ కూడా 5నే చెబుతున్నాయి. చూపు, కొలత కలిశాయి కాబట్టి ఎల్5 అని రాయవచ్చు. కలవకపోతే రెంటినీ రాసి, ఎక్కడ తేడా వచ్చిందో చెప్పండి. ఎల్5-6 లాంటి మధ్యస్థ పేర్లు అందుకే ఉన్నాయి, వాడడానికి మొహమాటపడనక్కర్లేదు.

పెట్టెలో ఇమడని రాయి

లోహం లేదు, కాండ్రూల్స్ లేవు, రేణువులు ముతకగా ఉన్నాయి. ఇలాంటి రాయి వచ్చినప్పుడే నెమ్మదించాలి. ఏఎల్‌హెచ్ 84001 విషయంలో అనుమానం రేపినవి చిన్న విషయాలే: డయోజెనైట్‌లో ఉండాల్సిన ట్రోయిలైట్‌కు బదులు ఇనుము డైసల్ఫైడ్, క్రోమైట్‌లో మూడో సంయోజకతలో ఉన్న ఇనుము. అంత ఆక్సిజన్ ఉన్న పరిసరాలు వెస్టా రాళ్ళకు పొసగవు. కాబట్టి ప్రధాన ఖనిజాన్ని కొలిచి ఆపేయకండి, సల్ఫైడ్, క్రోమైట్ కూడా కొలవండి. పైరాక్సీన్‌లో ఇనుముకూ మాంగనీసుకూ మధ్య నిష్పత్తి చూడండి. అంగారక, వెస్టా రాళ్ళలో అది 30 దగ్గర, చంద్రశిలల్లో దానికి రెట్టింపు దగ్గర ఉంటుంది.

అంగారకాన్నీ వెస్టానూ విడదీసేది ఆక్సిజన్ ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువుల పాళ్ళు. భూమి రాళ్ళన్నీ పడే రేఖ నుంచి మళ్ళింపును వెయ్యింట భాగాల్లో చెబితే అంగారక రాళ్ళకు సుమారు +0.3, వెస్టా రాళ్ళకు −0.24 దగ్గర, హెచ్, ఎల్, ఎల్‌ఎల్‌లకు వరుసగా +0.73, +1.07, +1.26 వస్తాయి. చంద్రుడు, భూమి ఒకే రేఖ మీద కూర్చుంటాయి. అంటార్కిటిక్ రాళ్ళతో ఒక జాగ్రత్త ఉంది: తుప్పులో మంచునీటి ఆక్సిజన్ చేరుతుంది. కొలిచే ముందు పలచని ఆమ్లంతో తుప్పు తొలగించమని ప్రయోగశాలకు చెప్పండి, తొలగించిన సంగతి కూడా నివేదికలో రాయండి.

పేరు, నివేదిక, మిగిలిన ముక్కలు

మీరు మంచు మీద ఇచ్చిన సంఖ్య పేరు కాదు. అధికారిక పేరును మీటియారిటికల్ సొసైటీ నామకరణ సంఘం ఆమోదించాలి. పేరులో ప్రాంతపు అక్షరాలు, యాత్ర మొదలైన సంవత్సరం, వరస సంఖ్య ఉంటాయి. చంద్రుడి నుంచి వచ్చిందని గుర్తించిన మొదటి ఉల్క 1982 జనవరిలో దొరికింది, అయినా దాని పేరు ఏఎల్‌హెచ్‌ఎ 81005. ఆ వేసవి యాత్ర 1981లో మొదలైంది మరి.

పక్కపక్కన దొరికిన రెండు ఎల్5 రాళ్ళను జత, అంటే ఒకే ఉల్క ముక్కలు, అని తొందరపడి రాయకండి. ఎల్5 అన్నది చాలా మామూలు రకం. ఫాయలైట్, దెబ్బ దశ, తుప్పు, ఆకృతి అన్నీ కలిసి, భూమి మీద గడిపిన కాలం కూడా ఒకటేనని తేలినప్పుడు ‘బహుశా జత’ అనవచ్చు.

నివేదిక ఇలా ఉంటే చాలు: “14.23 గ్రా., 2.6 × 2.1 × 1.7 సెం.మీ. పైన 60 శాతం మెరుపు లేని నల్ల పెచ్చు, మిగతా చోట్ల గోధుమ మరకలు, లవణం లేదు. లోపల లేత బూడిద నేల, లోహం చుట్టూ నారింజ మరక. తుప్పు బి, పగుళ్ళు ఎ. కోతలో కాండ్రూల్స్ పాక్షికంగా చెరిగి ఉన్నాయి, సగటు వ్యాసం 0.45 మి.మీ., ప్లేజియోక్లేజ్ 10 నుంచి 20 మైక్రాన్లు. ఆలివిన్ ఫాయలైట్ 24.3, 18 రేణువులు. పైరాక్సీన్ ఫెర్రోసిలైట్ 20.4, వొలాస్టొనైట్ 1.3, 16 రేణువులు. గ్రాహ్యత 4.78. ఎల్5, ఎస్3, డబ్ల్యూ2.” సగటుల పక్కన విచలనం కూడా చేర్చండి. ఆ సంఖ్య లేకపోతే రేణువులన్నీ ఒకేలా ఉన్నాయో లేదో చదివేవాడు తేల్చుకోలేడు.

చివరిగా బరువుల లెక్క. ప్రధాన ముక్క 12.61, కోతకు వాడిన ముక్క 1.38, పొడి, చిల్లర ముక్కలు 0.21 గ్రాములు. మొత్తం 14.20. పోయిన 0.03 గ్రాములను ‘నష్టం’ అని విడిగా రాయండి. చిల్లర ముక్కలను పారేయకుండా చిన్న గాజు సీసాలో వేసి, ఏ ముఖం దగ్గర రాలాయో దాని అక్షరంతో సహా చీటీ అంటించి, ప్రధాన ముక్కతో పాటే పొడి నైట్రోజన్‌లోకి తిరిగి పంపండి.